వేల్స్ ఏల్‌లనూ నల్ల బీర్లనూ రుచి చూసే పద్ధతి

వేల్స్‌లోని ఒక పబ్‌లో అడుగుపెట్టి, కౌంటరు మీద వరుసగా నిలిచిన చేతిపంపుల్లో ముదురు రంగు బీరుది ఏదో గుర్తించి, అది తప్పకుండా బరువుగా, ఘాటుగా, త్వరగా తలకెక్కేదిగా ఉంటుందని వెనక్కి తగ్గేవారు చాలామంది ఉంటారు. రంగును చూసి బలాన్ని అంచనా కట్టడం బీరు విషయంలో జరిగే పొరపాట్లన్నిటిలోకీ పెద్దది. వేల్స్ రాజధాని కార్డిఫ్ నగరానికి పేరు తెచ్చిన నల్ల బీరు బ్రెయిన్స్ డార్క్ చాలాకాలం పాటు 3.5 శాతం ఆల్కహాల్‌తోనే తయారైంది. అదే బ్రూవరీ నుంచి వచ్చే, రాగి రంగులో మెరిసే ఎస్.ఏ. అనే ఏల్ బలం 4.2 శాతం. నల్లగా కనబడేది తేలికది, లేతగా కనబడేది బలమైనది అన్నమాట. వేల్స్ బీర్లను రుచి చూడటం నేర్చుకోవాలనుకునేవారు మొదట కంటి మీద ఉన్న నమ్మకాన్ని కొంత తగ్గించుకుని, ముక్కుకూ నాలుకకూ తగినంత సమయం ఇవ్వాలి. ఈ వ్యాసంలో చెప్పదలచుకున్న పద్ధతి అంతా ఆ ఒక్క సూత్రం చుట్టూనే తిరుగుతుంది.

నలుపు ఎక్కడి నుంచి వస్తుంది

బార్లీని నానబెట్టి, మొలక పొడసూపగానే దాని ఎదుగుదలను ఆపి, వేడిగాలిలో ఆరబెడితే మాల్ట్ తయారవుతుంది. పులియడానికి కావలసిన చక్కెరలో చాలా భాగం లేత రంగు మాల్ట్ నుంచే వస్తుంది. ముదురు మాల్ట్‌లు మొత్తం ధాన్యంలో కొద్ది వంతు మాత్రమే ఉంటాయి. 1817లో డేనియల్ వీలర్ అనే ఆయన, మాల్ట్‌ను బొగ్గు కానివ్వకుండా నల్లగా వేయించే డ్రమ్ముకు బ్రిటన్‌లో పేటెంటు పొందిన తరువాత, కొద్దిపాటి నల్ల మాల్ట్‌తోనే పెద్ద తొట్టెడు బీరుకు రంగు తీసుకురావడం సాధ్యమైంది. రంగుకూ బలానికీ ఉన్న సంబంధం అక్కడితో తెగిపోయింది.

రుచి చూసేవారికి ఉపయోగపడేది ఈ మాల్ట్‌ల మధ్య ఉన్న తేడా. క్రిస్టల్ మాల్ట్‌ను తడిగా ఉండగానే వేడి చేస్తారు. గింజ లోపలి పిండి పొట్టులో ఉండగానే చక్కెరగా మారి, తరువాత గట్టిపడుతుంది. దాని నుంచి టాఫీ, కాచిన చక్కెర, ఎండుద్రాక్ష వంటి రుచులు వస్తాయి. చాక్లెట్ మాల్ట్‌లో చాక్లెట్ ఏమీ ఉండదు. వేయింపు వల్ల వచ్చిన ముదురు గోధుమ రంగుకు, కోకోను గుర్తుచేసే వాసనకు ఆ పేరు. వేయించిన బార్లీ అసలు మాల్టే కాదు. మొలకెత్తించని గింజను నేరుగా వేయిస్తారు, దాని నుంచి చక్కెర వేయని కాఫీ వంటి పొడి చేదు వస్తుంది. స్టౌట్ అనే బాగా నల్లటి ఏల్‌లలో చాలావాటికి ఆ గుణం దీని వల్లనే వస్తుంది. ఇంట్లో బీరు చేసుకునేవారికి సరుకు అమ్మే దుకాణంలో ఈ మూడు రకాలనూ తలా కొద్దిగా కొని, ఒక్కొక్క గింజను నమిలి చూడమని నేను ఎవరికైనా మొదట చెబుతాను. ఎన్ని పుస్తకాలు చదివినా రాని స్పష్టత ఆ పది నిమిషాల్లో వస్తుంది.

తెలుగు తెలిసినవారికి ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. చేదు వేరు, వగరు వేరు అని మనకు భాషే నేర్పింది. నల్ల బీరులో ఈ రెండూ పక్కపక్కనే ఉంటాయి, వాటికి మూడవదిగా మాడు రుచి తోడవుతుంది. చేదు ప్రధానంగా హాప్స్ పువ్వుల నుంచి వస్తుంది, మింగిన తరువాత గొంతు మొదట్లో నిలుస్తుంది. వగరు పొట్టు నుంచీ అతిగా వేయించిన గింజ నుంచీ వస్తుంది; అది రుచి అనడం కంటే స్పర్శ అనడం సరైనది, ఎందుకంటే చిగుళ్లూ బుగ్గల లోపలి భాగమూ పట్టేసినట్టు ఆరిపోతాయి. మాడు వాసన ముక్కుకు తెలిసేది. ఒక గుక్క తాగి, ఈ మూడింటిలో ఏది ఎంత ఉందో విడదీసి చెప్పగలిగితే, నల్ల బీరును అర్థం చేసుకోవడంలో సగం దూరం నడిచినట్టే.

వేల్స్ గడ్డ మీద ఏల్

ఏల్ అంటే కొంత వెచ్చదనంలో, తొట్టె పైకి నురగలా తేలి పనిచేసే ఈస్ట్‌తో పులియబెట్టిన బీరు. ఆ వెచ్చదనం వల్ల పండ్లను గుర్తుచేసే వాసనలు పుడతాయి. చల్లగా, నెమ్మదిగా పులిసే లాగర్‌లో అవి అంతగా ఉండవు. వేల్స్‌లో ఈ పానీయానికి చాలా పాత చరిత్ర ఉంది. 688 నుంచి 726 వరకు వెసెక్స్‌ను ఏలిన ఇనె రాజు శాసనాలలో, పది హైడ్‌ల (హైడ్ అప్పటి భూమి కొలత) భూమికి ఇవ్వవలసిన ఆహారపు పన్నులో 12 ఆంబర్ల (ఆంబర్ అప్పటి ఒక కొలత) వేల్స్ ఏల్ అనీ, 30 ఆంబర్ల తేట ఏల్ అనీ విడివిడిగా రాశారు. పొరుగు రాజ్యంవారే దానికి వేరే పేరు పెట్టి, వేరే లెక్క కట్టేంత ప్రత్యేకత ఆనాటికే ఉందన్నమాట. హవెల్ ద రాజు పేరుతో వచ్చిన మధ్యయుగపు వేల్స్ చట్టాలలో రాజుకు చెల్లించే పానీయాల విలువలు కూడా కనిపిస్తాయి: తేనెతో చేసిన మీడ్ ఒక తొట్టె లేకపోతే బ్రాగొద్ రెండు తొట్లు, అదీ లేకపోతే మామూలు ఏల్ నాలుగు తొట్లు ఇవ్వాలి. బ్రాగొద్ అంటే తేనె, సుగంధద్రవ్యాలు కలిపిన ఏల్. ఈనాటి చిన్న బ్రూవరీలు అప్పుడప్పుడు తేనె కలిపి ఏల్ చేసినప్పుడు ఈ పాత లెక్కను గుర్తుంచుకుని రుచి చూస్తే, ఆ తీపిని కొత్త వింతగా కాక పాత మర్యాదగా చూడగలుగుతాము.

అయితే నల్ల బీరుకు వేల్స్‌లో నిలకడైన స్థానం ఇచ్చినది దక్షిణ వేల్స్ బొగ్గు గనులూ ఉక్కు కర్మాగారాలూ. వేడిలో, దుమ్ములో, చెమటలో గంటల తరబడి పనిచేసి బయటికి వచ్చినవారికి కావలసినది తలకెక్కే బీరు కాదు. దాహం తీర్చేదీ, కాస్త తీపి ఉన్నదీ, రెండవ గ్లాసు తాగినా నిలబడనిచ్చేదీ. బ్రిటన్ అంతటా మైల్డ్ అని పిలిచే ఆ రకాన్ని కార్డిఫ్ వాసులు సూటిగా డార్క్ అన్నారు. మైల్డ్ అనే మాటకు మొదట తేలికైనది అనే అర్థం లేదు. ఏళ్ల తరబడి నిలవ ఉంచకుండా తాజాగా అమ్మేది అని మాత్రమే అర్థం. పందొమ్మిదవ శతాబ్దంలో మైల్డ్‌లు బలంగానే ఉండేవి. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ధాన్యం మీదా బలం మీదా వచ్చిన ఆంక్షల వల్ల అవి పలచబడ్డాయి, తరువాత మళ్లీ పాత బలానికి చేరలేదు.

నీటి సంగతి కూడా చెప్పుకోవాలి. వేల్స్ కొండల నుంచి దిగే నీరు ఎక్కువగా మెత్తటిది, అంటే అందులో ఖనిజ లవణాలు తక్కువ. ఇంగ్లండ్‌లోని బర్టన్ పట్టణపు నీటిలో సల్ఫేటు మెండుగా ఉండటం వల్ల అక్కడి బీర్లలో హాప్స్ చేదు పదునెక్కి నిలుస్తుంది; మెత్తటి నీటిలో ఆ పదును తగ్గి, మాల్ట్ గుండ్రంగా ముందుకు వస్తుంది. ఈనాటి బ్రూవరీలు నీటిని తమకు కావలసినట్టు సవరించుకుంటాయి కాబట్టి దీన్ని నియమంగా పట్టుకోనక్కరలేదు. అయినా వేల్స్ ఏల్‌లలో తరచుగా కనిపించే ఆ మెత్తదనాన్ని వెతకడం మంచి అభ్యాసం.

మత విశ్వాసానికీ బీరుకూ మధ్య వేల్స్‌లో జరిగిన పెనుగులాట చిన్నది కాదు. 1881 నాటి చట్టం ఆదివారాలు పబ్‌లను మూయించింది. 1961 నుంచి ఏ ప్రాంతానికి ఆ ప్రాంతం ఓటు వేసి నిర్ణయించుకునే వీలు కలిగింది. వాయవ్యాన ఉన్న ద్వివోర్ ప్రాంతం 1996 వరకు ఆదివారపు నిషేధాన్ని వదలలేదు. ఇంకొక వైపు, లానెల్లి పట్టణంలో మెథడిస్టు బోధకుడైన జేమ్స్ బక్లీ ఒక బ్రూవరీ యజమాని కుమార్తెను వివాహం చేసుకుని ఆ వ్యాపార కుటుంబంలో భాగమయ్యాడు. ఆయన పేరు మీదే రెవరెండ్ జేమ్స్ అనే ఏల్ నేటికీ ఉంది. 4.5 శాతం బలంతో, ఎర్రటి గోధుమ వర్ణంతో ఉండే ఆ బీరు క్రిస్టల్ మాల్ట్ తీపి ఎలా ఉంటుందో నేర్చుకోవడానికి చక్కగా పనికివస్తుంది.

పంపు మీద రాసినది చదవడం

వేల్స్ భాషలో బీరుకు మాట కూరు. రోమన్ లిపిలో అది నాలుగు అక్షరాల మాట, అందులో మనం అచ్చుగా గుర్తుపట్టే అక్షరం ఒక్కటీ కనబడదు. డబ్ల్యూ అక్షరమే అక్కడ ఊకారంగా పలుకుతుంది. బ్రూవరీని బ్రాగ్ది అంటారు. నలుపుకు మాట దీ, అయితే రాతలో డి, యు అనే అక్షరాలు కనబడతాయి. ముదురు రంగును తవిల్ అంటారు. చివరి ధ్వనిని పలకాలంటే నాలుక కొనను పై పళ్ల వెనుక ఆనించి పక్కల నుంచి గాలి వదలాలి. కోఖ్ అంటే ఎరుపు, ఖ్వెరు అంటే చేదు. ఈ అయిదారు మాటలు తెలిస్తే పంపు మీది బిళ్లను చూసి ఏమి అడుగుతున్నామో తెలిసి అడగవచ్చు. పోర్త్‌మాడోగ్‌లో 2005లో మొదలైన పర్పుల్ మూస్ బ్రూవరీ తన బీర్లన్నిటికీ రెండు భాషలలోనూ పేర్లు పెడుతుంది: అక్కడి లేత ఏల్ కూరు ఎరరి, అంటే స్నోడోనియా ఏల్, బలం 3.6 శాతం, ముదురు ఏల్ డార్క్ సైడ్ ఆఫ్ ది మూస్, బలం 4.6 శాతం. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని తాగడం వేల్స్ బీరుకు నాకు తెలిసిన అతి మంచి తొలిపాఠం. గ్లాసు పైకెత్తినప్పుడు యెఖిద్ దా అనండి. మంచి ఆరోగ్యం అని అర్థం.

పబ్‌ను ఎంచుకోవడం

చేతిపంపు నుంచి వచ్చే కాస్క్ ఏల్ ప్రాణం ఉన్న పదార్థం. బ్రూవరీ నుంచి బయలుదేరేటప్పటికి పీపాలో ఈస్ట్ ఇంకా బతికే ఉంటుంది. పబ్ నేలమాళిగలో అది రెండవసారి పులిసి, తనంతట తానే వాయువును పుట్టించుకుంటుంది. అందుకే దానిలో బుడగలు సన్నగా, మెత్తగా ఉంటాయి. పీపాను తెరిచి అమ్మడం మొదలుపెట్టిన తరువాత లోపలికి గాలి చేరుతుంది కాబట్టి సుమారు మూడు రోజులలో అది ఖాళీ కావాలి. సాధారణంగా వాడే ఫర్కిన్ పీపాలో 9 గాలన్లు, అంటే 72 పైంట్లు పడతాయి.

నల్ల మైల్డ్‌కు ఉన్న కష్టమంతా ఈ లెక్కలోనే ఉంది. అడిగేవారు తక్కువైన చోట పీపా నాలుగవ రోజుకూ అయిదవ రోజుకూ మిగులుతుంది. బలం తక్కువ కావడం వల్ల త్వరగా పులుపెక్కుతుంది. పులిసినది తాగినవారు ఈ రకమే బాగుండదని నిర్ణయించుకుంటారు. అడిగేవారు ఇంకా తగ్గుతారు. మంచి బీరు ఇలా కనుమరుగు కావడం నాకు నిజంగా బాధ కలిగించే విషయం. కాబట్టి నల్ల బీరును మొదటిసారి రుచి చూసేవారు అది బాగా అమ్ముడయ్యే పబ్‌నే వెతుక్కోవాలి. కౌంటరు దగ్గర రెండు నిమిషాలు నిలబడి ఏ పంపు ఎక్కువగా కదులుతోందో గమనించండి. పీపా ఎప్పుడు తెరిచారని మర్యాదగా అడగండి. గుక్కెడు రుచి చూపించమని కోరండి. బీరు మీద శ్రద్ధ ఉన్న పబ్ దేనికీ విసుక్కోదు. శాకాహారులు ఇంకొక ప్రశ్న కూడా అడగాలి: కాస్క్ ఏల్‌ను తేటపరచడానికి సంప్రదాయంగా చేపల తిత్తి నుంచి తీసిన ఐసింగ్లాస్ వాడతారు, అది కలపకుండా కాస్త మబ్బుగానే అమ్మే బీర్లు కూడా ఉంటాయి.

కొలత విషయానికి వస్తే, పైంటు 568 మిల్లీలీటర్లు. సగం పైంటు, మూడవ వంతు పైంటు కూడా చట్టబద్ధమైన కొలతలే. రుచి నేర్చుకునేవారికి మూడవ వంతు, అంటే సుమారు 189 మిల్లీలీటర్లు, అన్నివిధాలా సరిపోతుంది.

కన్ను, ముక్కు, నాలుక

మొదట గ్లాసును చూడండి. లోపలి గోడకు బుడగలు అంటుకుని ఉంటే, లేదా నురగ నిమిషంలోనే చప్పబడితే గ్లాసుకు జిడ్డు ఉందని అనుమానించాలి. తరువాత గ్లాసును దీపానికి ఎదురుగా ఎత్తి పట్టుకోండి. నల్లదనుకున్న బీరు అంచుల దగ్గర చాలాసార్లు మాణిక్యపు ఎరుపు రంగు చూపిస్తుంది; స్టౌట్ అయితే వెలుతురును దాదాపు రానివ్వదు. నురగ రంగును కూడా గమనించండి, ఎందుకంటే మైల్డ్ నురగ మీగడ రంగులోనూ, ఎక్కువ వేయించిన గింజ వాడిన స్టౌట్ నురగ లేత గోధుమ రంగులోనూ ఉంటుంది. కంటికి ఇంతకంటే పని పెట్టవద్దు.

వాసన దగ్గర తొందర పనికిరాదు. గ్లాసును కదపకుండా ముక్కు దగ్గరికి తెచ్చి ఒకసారి చిన్నగా పీల్చండి. ముందుగా పైకి లేచే సున్నితమైన వాసనలు ఆ మొదటి పీల్పులోనే దొరుకుతాయి. తరువాత అరచేతితో గ్లాసు మూతిని మూసి, మెల్లగా తిప్పి, చేతిని తీసి రెండు మూడుసార్లు పొట్టిగా పీల్చండి. దీర్ఘంగా పీలిస్తే ముక్కు త్వరగా అలసిపోతుంది. వెతకవలసినవి ఇవి: కాల్చిన రొట్టె పెచ్చు, టాఫీ, కోకో, కాఫీ, ఎండిన పండ్లు, తడి మట్టి వాసన వేసే ఆకులు. చివరిది ఫగుల్ వంటి పాత ఇంగ్లండు రకం హాప్స్ నుంచి వస్తుంది. పేరు తోచకపోతే కంగారు పడవద్దు. ఏ వస్తువో గుర్తురాకపోయినా, తియ్యటి వాసనా, పొడి వాసనా, పచ్చి వాసనా అనేది చెప్పగలిగితే మొదట్లో చాలు.

ఇప్పుడు గుక్క. పెదవులు తడిసేంత కాకుండా నాలుక అంతా కప్పేంత తీసుకోండి. నాలుక కొసన తీపి, వెనుక చేదు అని చూపించే పాత పటం తప్పు. అన్ని రుచులనూ నాలుక అంతటా గ్రహించగలము. బీరును నోట్లో రెండు క్షణాలు నిలిపి దాని బరువును గమనించండి: నీళ్లలా జారుతోందా, పాలలా పరుచుకుంటోందా అన్నది. ఆపైన మింగండి. వైన్‌ను ఉమ్మినట్టు బీరును ఉమ్మకూడదు, ఎందుకంటే దాని చేదు మింగిన తరువాతే పూర్తిగా తెలుస్తుంది. మింగిన వెంటనే నోరు మూసి ముక్కు ద్వారా గాలి వదలండి. గొంతు వెనుక నుంచి ముక్కులోకి వెళ్లే ఆ ఊపిరిలోనే కోకో, కాఫీ, పొగ వంటివి స్పష్టపడతాయి. ఇరవై క్షణాలు ఆగి, ఏమి మిగిలిందో చూడండి: తీపి పోయి చేదు మిగిలిందా, వగరు పెరుగుతోందా, లేక అంతా శుభ్రంగా తుడిచిపెట్టుకుపోయి ఇంకొక గుక్క కావాలనిపిస్తోందా. మంచి డార్క్‌లో ఆ చివరిదే జరగాలి. 3.5 శాతం బలం ఉన్న బీరులో రుచి నింపి, అది నీళ్లగా అనిపించకుండా, తీపి వెగటు కాకుండా నిలపడం 8 శాతం స్టౌట్ చేయడం కంటే కష్టమైన పని అని నా అభిప్రాయం. అందులో దాచుకోవడానికి ఆల్కహాల్ ఉండదు, తప్పు చేస్తే వెంటనే బయటపడుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది వేడిమి. కాస్క్ ఏల్‌ను 11 నుంచి 13 డిగ్రీల సెల్సియస్ మధ్య అందించాలి. ఫ్రిజ్ చల్లదనంలో తీపీ వాసనా అణిగిపోయి, చేదూ వగరూ మాత్రం మిగులుతాయి. నల్ల బీరుకు కటువైనదనే చెడ్డపేరు రావడానికి సగం కారణం ఇదే. నేను మొదటిసారి తాగిన పోర్టర్, అంటే స్టౌట్‌కు దగ్గరి చుట్టమైన నల్ల బీరు, మంచుముద్దలా ఉంది, అందులో మాడు తప్ప ఏమీ దొరకలేదు. మాటల్లో పడి సగం గ్లాసు మరిచిపోయి అరగంట తరువాత తాగితే, అదే బీరులో ఎండుద్రాక్షా కోకో కనిపించాయి. అప్పటి నుంచి ప్రతి నల్ల బీరునూ మూడుసార్లు రుచి చూస్తాను: రాగానే ఒకసారి, పది నిమిషాలకు ఒకసారి, అడుగు మిగిలినప్పుడు ఒకసారి. చల్లగా వచ్చిన గ్లాసును రెండు అరచేతుల మధ్య పట్టుకుని వెచ్చబరచడంలో తప్పేమీ లేదు.

ఏది ముందు, ఏది తరువాత

లేత రంగు నుంచి ముదురు రంగుకు వెళ్లాలని చాలాచోట్ల చెబుతారు. వేల్స్ బీర్ల విషయంలో ఆ నియమం పనిచేయదు. హాప్స్ దట్టించిన లేత ఏల్ తాగిన నోటికి డార్క్ చప్పగా తోస్తుంది. డార్క్ మైల్డ్‌ను ముందు పెట్టండి. తరువాత లానెల్లి దగ్గరి వెలిన్‌వోయిల్ బ్రూవరీ చేసే, 4.2 శాతం బలం ఉన్న డబుల్ డ్రాగన్ వంటి, మాల్ట్ రుచి ఉన్న బిట్టర్ (బ్రిటన్‌లో హాప్స్ చేదు ఉన్న మామూలు ఏల్‌ను అలా పిలుస్తారు). మూడవది ఎర్ర ఏల్: న్యూపోర్ట్‌కు చెందిన టైనీ రెబెల్ చేసే 4.6 శాతం కుచ్ దీనికి మంచి ఉదాహరణ, 2015లో అది బ్రిటన్ ఛాంపియన్ బీరుగా ఎంపికైంది. కుచ్ అంటే వేల్స్‌వారి మాటల్లో ఆప్యాయంగా దగ్గరికి తీసుకోవడం. టాఫీ తీపి మీద పండ్ల వాసన ఉన్న కొత్త రకం హాప్స్ ఎలా నిలబడతాయో అందులో తెలుస్తుంది. స్టౌట్‌నో పోర్టర్‌నో చివర పెట్టండి. పొగ పట్టించిన మాల్ట్‌తో చేసినది ఉంటే దాన్ని అన్నిటికంటే చివర, ఎందుకంటే పొగ ఒకసారి నోట్లో చేరితే మిగతా వాటికి చోటు ఉండదు. మధ్యమధ్య నీళ్లు, ఉప్పులేని రొట్టె ముక్క చాలు. నాలుగు రకాలకు మించితే నాలుక నిజం చెప్పడం మానేస్తుంది.

నాలుగు మూడవ వంతు గ్లాసులు, సగటున 4.5 శాతం బలంతో, బ్రిటన్ లెక్క ప్రకారం సుమారు 3.4 యూనిట్ల ఆల్కహాల్ అవుతాయి (ఒక యూనిట్ అంటే 10 మిల్లీలీటర్ల శుద్ధ ఆల్కహాల్). అక్కడి వైద్యాధికారులు వారానికి 14 యూనిట్లు మించవద్దని, గర్భవతులు అసలు తాగవద్దని చెబుతారు. పబ్‌లో మద్యం కొనడానికి 18 ఏళ్లు నిండి ఉండాలి. బండి నడపవలసిన రోజున రుచి చూసే పని పెట్టుకోవద్దు.

తప్పును గుర్తించడం

వెనిగర్ పులుపు ఉంటే పీపా తెరిచి చాలా రోజులైందని అర్థం. తడి అట్టపెట్టె వాసన ప్రాణవాయువు తగలడం వల్ల వస్తుంది. పచ్చి ఆపిల్ వాసన ఉంటే బీరు ఇంకా పక్వం కాలేదు. కరిగిన వెన్న వాసన డైఅసిటైల్ అనే పదార్థానిది. కొద్దిగా ఉంటే కొన్ని బ్రిటిష్ ఏల్‌లకు అది నప్పుతుంది, నాలుక మీద జారుడుగా పేరుకుంటే మాత్రం లోపమే. వీటన్నిటినీ నల్ల బీరులో పట్టుకోవడం లేత బీరులో కంటే కష్టం, వేయింపు వాసన చాలావాటిని కప్పేస్తుంది. పులుపు విషయంలో ప్రత్యేకించి జాగ్రత్త కావాలి: వేయించిన గింజకు సహజంగానే కాఫీ వంటి సన్నని పులుపు ఉంటుంది, అది ముక్కుకు అందదు. ముక్కుకే వెనిగర్ తగిలితే గ్లాసును వెనక్కి ఇవ్వండి. లోపం ఉన్న బీరును మార్చమని అడగడం వేల్స్ పబ్‌లలో మామూలు విషయమే, ఎవరూ తప్పుపట్టరు.

సీసా, డబ్బా

సీసాలోనే మళ్లీ పులియనిచ్చిన బీరుకు అడుగున ఈస్ట్ మడ్డి ఉంటుంది. దాన్ని ఒక రోజు నిలువుగా ఉంచి, గ్లాసును వాల్చి, మధ్యలో ఆపకుండా ఒకే ధారగా పోసి, చివరి సెంటీమీటరు సీసాలోనే వదిలేయండి. రంగులేని గాజుసీసాలను ఎండ తగిలేచోట పెట్టిన దుకాణంలో కొనవద్దు. వెలుతురు హాప్స్‌లోని పదార్థాలను మార్చి దుర్వాసన పుట్టిస్తుంది. డబ్బాకు ఆ భయం లేదు. డబ్బా బీరును చిన్నచూపు చూసేవారికి ఒక మాట చెప్పాలి: యూరప్‌లో బీరును మొట్టమొదట డబ్బాలో పోసినది 1935లో, వెలిన్‌వోయిల్‌లోనే. లానెల్లి ప్రాంతం తగరపు రేకుల పరిశ్రమకు కేంద్రం. ఆ రేకులకు కొత్త గిరాకీ కావలసివచ్చింది. మొదటి డబ్బాలకు సీసా మూతి లాంటి శంకువు ఆకారపు తల, దాని మీద సీసా బిరడా ఉండేవి. డబ్బాలోదైనా సరే, గ్లాసులో పోసుకునే తాగండి, లేకపోతే ముక్కుకు పనే ఉండదు. నైట్రోజన్‌తో నురగ తెప్పించే డబ్బా స్టౌట్‌లు నోటికి మెత్తగా ఉంటాయి గాని, ఆ దట్టమైన నురగ వాసనను పైకి రానివ్వదు. వాటికి ఇంకా ఎక్కువ వెచ్చదనం, ఇంకా ఎక్కువ ఓపిక కావాలి.

పక్కన ఏమి తినాలి

నల్ల బీరుకు వేల్స్ వంటలోనే జోడీలు ఉన్నాయి. కేర్‌ఫిల్లీ చీజ్ తెల్లగా, పొడిపొడిగా, కాస్త ఉప్పగా ఉంటుంది. గని కార్మికులు లోపలికి తీసుకువెళ్లిన చీజ్ అది. డార్క్‌లోని తీపి ఆ ఉప్పును పట్టుకుంటుంది, చీజ్ పులుపు మాడు రుచిని మెత్తబరుస్తుంది. వెల్ష్ రేర్‌బిట్‌లో చీజ్‌ను ఆవాల ముద్దతోనూ ఏల్‌తోనూ కరిగించి, రొట్టె మీద పోసి కాలుస్తారు. అందులో ఏ ఏల్ కలిపారో దాన్నే పక్కన తాగితే జోడీ కుదరకపోవడం అరుదు. గవర్ ద్వీపకల్పం తీరంలో దొరికే కాకిల్ గుల్లలు, లావర్ అనే సముద్రపు పాచితో ఉడికించిన నల్లటి ముద్ద, ఈ రెండింటి సముద్రపు ఉప్పుదనానికి పొడిగా ఉన్న స్టౌట్ సరిపోతుంది. ఎండుపళ్లను టీలో నానబెట్టి చేసే బారా బ్రీత్ రొట్టెకు మైల్డ్ సరైనది. రెండింటిలోనూ అదే ఎండుద్రాక్ష రుచి ఉంటుంది, ఒకటి రెండవదాన్ని పైకి లేపుతుంది.

చివరగా, ఒక చిన్న పుస్తకం వెంట ఉంచుకోండి. బీరు పేరు, బలం, పీపానా సీసానా, తాగిన చోటు, తేదీ, ఆపైన చేదు, వగరు, మాడు, తీపి ఒక్కొక్కటి ఎంత ఉన్నాయో రెండు మూడు మాటల్లో రాయండి. ఇతరుల వర్ణనలను గ్లాసు ఖాళీ అయ్యేవరకు చదవవద్దు, ఎందుకంటే కాఫీ అని చదివిన తరువాత కాఫీ తప్ప మరేమీ దొరకదు. మొదటి గుక్కకు రాసినదాని కిందే అడుగున మిగిలిన వెచ్చటి గుక్కకు కూడా ఒక వాక్యం రాయండి. రెండు వాక్యాలూ ఒకే మాట చెబుతుంటే బీరు మరీ చల్లగా వచ్చి ఉండాలి, లేదా మీరు దాన్ని తొందరగా తాగేసి ఉండాలి.